మూడు మిల్లీమీటర్ల పురుగు, ఫోన్ ఫొటో: పేరు ఎంతవరకు చెప్పవచ్చు?

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కృష్ణా డెల్టాలో వరి పొట్టకు వచ్చే రోజుల్లో రైతుల ఫోన్లలో ఒక రకం ఫొటో తరచుగా తిరుగుతుంటుంది. వరి ఆకు మీద పచ్చగా, బియ్యపు గింజలో సగం ఉండే పురుగు. దాని కింద ఒకటే ప్రశ్న: "ఇదేం పురుగండీ, ఏం కొట్టాలి?" తెనాలి వైపు నుంచి వచ్చినా, కంకిపాడు వైపు నుంచి వచ్చినా ఫొటో దాదాపు ఒకేలా ఉంటుంది. పురుగు కొంచెం మసకగా, దాని వెనక ఉన్న ఆకు ఈనెలు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి.

ఆ పచ్చటి పురుగు పచ్చదీపపు పురుగు కావచ్చు. అదైతే పైరు రసం పీలుస్తుంది, టుంగ్రో తెగులు తెచ్చే వైరస్‌ను ఒక దుబ్బు నుంచి మరో దుబ్బుకు మోస్తుంది. లేదా అది మిరిడ్ నల్లి కావచ్చు. సిర్టోరైనస్ లివిడిపెన్నిస్ అనే ఈ నల్లి, వరి రసం పీల్చి పైరును ఎండబెట్టే సుడిదోమ ఆకుతొడిమల్లో దాచిన గుడ్లలోకి ముక్కు గుచ్చి వాటిని పీల్చేస్తుంది. పిల్ల దోమలను కూడా వదలదు. రెండింటి పొడవూ మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, రెండూ ఆకుపచ్చ మీద నలుపు. మొదటిది పైరుకు శత్రువు, రెండోది రైతు పిలవకుండానే వచ్చి పని చేసే కూలీ.

ఈ రెండింటినీ తారుమారు చేస్తే ఏమవుతుందో వరి శాస్త్రవేత్తలకు దశాబ్దాలుగా తెలుసు. పచ్చపురుగు కనిపించిందని సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కొడితే మిరిడ్ నల్లులు, సాలీళ్ళు ముందు చస్తాయి. సుడిదోమ గుడ్లు ఆకుతొడిమ లోపల ఉంటాయి కాబట్టి మందు వాటిని తాకదు. వారం పది రోజుల్లో ఆ గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చేసరికి తినేవాళ్ళు ఎవరూ మిగిలి ఉండరు. మందు కొట్టిన తర్వాతే దోమ పెరిగి, చేలో గుండ్రటి మచ్చలుగా పైరు ఎండిపోవడం ఆసియాలోని అనేక వరి దేశాల్లో నమోదైన సంగతి. సాంబ మసూరి లాంటి దోమను తట్టుకోలేని రకం వేసిన చేలో ఈ నష్టం ఇంకా తొందరగా కనిపిస్తుంది. పురుగు పేరు తప్పు చెప్పడం అంటే పుస్తకంలో తప్పు రాయడం కాదు. ఆ తప్పు నేరుగా చేలోకి వెళుతుంది.

అదృష్టవశాత్తూ ఈ రెండు పురుగులను వేరు చేయడానికి ప్రయోగశాల అక్కర్లేదు, ఫొటో సరిగ్గా ఉంటే చాలు. ముందు మీసాలు చూడాలి. మిరిడ్ నల్లికి నాలుగు కణుపుల పొడవాటి మీసాలు తల ముందు నుంచి చాచి ఉంటాయి, సాధారణ ఫొటోలో కూడా కనిపిస్తాయి. పచ్చదీపపు పురుగు మీసం వెంట్రుక అంత సన్నం, కళ్ళ మధ్య నుంచి పొట్టిగా పొడుచుకు వస్తుంది, ఫొటోలో దాదాపు కనపడదు. తర్వాత రెక్కలు. దీపపు పురుగు రెక్కలను ఇంటి కప్పులా వాలుగా మడుచుకుంటుంది, పైనుంచి చూస్తే తల దగ్గర వెడల్పుగా, తోక వైపు సన్నంగా మేకు ఆకారంలో ఉంటుంది. మిరిడ్ నల్లి రెక్కలు వీపు మీద పరుచుకుని, చివర పల్చటి పొర ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. పక్క నుంచి తీసిన ఫొటో ఉంటే వెనక కాళ్ళు కూడా సాక్ష్యం చెబుతాయి. దీపపు పురుగు వెనక కాలి పిక్క పొడవునా ముళ్ళ వరసలు ఉంటాయి, నల్లికి అలాంటివి ఉండవు. సుడిదోమకైతే వెనక కాలి పిక్క చివర కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. పైగా అది ఆకుల మీద కన్నా దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన గుంపుగా చేరుతుంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఫొటోలో ఉన్నది సిర్టోరైనస్సా లేక దానికి దగ్గరి చుట్టమైన టిత్తస్సా అన్నది తేల్చలేకపోయినా రైతుకు నష్టం లేదు. టిత్తస్‌కు తల, మెడ భాగం నల్లగా, రెక్కలు పాలిపోయినట్టు ఉంటాయి, అదీ దోమ గుడ్లనే తింటుంది. ఏ జాతో తెలియకపోయినా "ఇది మిరిడ్ కుటుంబం" అని నమ్మకంగా చెప్పగలిగితే మందు డబ్బా పక్కన పెట్టడానికి అది చాలు. జాతి పేరు వరకు వెళ్ళబోయి కుటుంబం దగ్గరే పొరబడితే మాత్రం పంట పోతుంది. ఫొటోలతో పురుగులను గుర్తించే పనిలో అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది ఈ వివేకమే. ఫొటో ఎంతవరకు చెబితే అంతవరకే చెప్పాలి, ఆ పైన ఒక్క మెట్టు కూడా ఎక్కకూడదు.

మిరిడ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. సూదిలాంటి ముక్కుతో పీల్చే 'అసలైన నల్లుల' వర్గంలో ఇదే అతి పెద్ద కుటుంబం, ఇప్పటికి 11,000కు పైగా జాతులకు పేర్లు పెట్టారు. కుటుంబాన్ని గుర్తించడం కొంత సులువు. ముందు రెక్కలో తోలులా గట్టిగా ఉన్న భాగం చివర ముక్కోణపు చిన్న ముక్క ఒకటి, దాని పక్కన చిన్న గాటు ఉంటాయి. ఆ ముక్కను క్యూనియస్ అంటారు. అక్కడి నుంచి రెక్క కిందికి వంగినట్టు ఉంటుంది. చాలా నల్లులకు తల మీద చుక్కల్లా ఉండే అదనపు చిన్న కళ్ళు (సరళ నేత్రాలు) మిరిడ్లలో దాదాపు అన్నిటికీ లేవు. క్యూనియస్, పొడవాటి మీసం, మెత్తటి చిన్న ఒళ్ళు కలిసి కనిపిస్తే కుటుంబం దాదాపు ఖాయం. అక్కడి నుంచి జాతికి వెళ్ళే దారి మాత్రం నిటారుగా ఉంటుంది. అనేక జాతుల్లో పైకి కనిపించే తేడా ఉండదు. మగ పురుగు జననాంగాన్ని సూక్ష్మదర్శిని కింద విడదీసి చూస్తేనే తేలుతుంది. ఎంత మంచి కెమెరా అయినా ఒంటి లోపలి భాగాన్ని చూపించలేదు. అది ఫొటో తీసినవారి లోపం కాదు.

పిల్ల పురుగుల సంగతి ఇంకా కష్టం. మిరిడ్లు పిల్ల దశలో ఐదుసార్లు కుబుసం విడుస్తాయి. అప్పటికి రెక్కలు ఉండవు, భుజాల దగ్గర మొగ్గల్లా ఉంటాయి. క్యూనియస్ కనిపించే ప్రశ్నే లేదు. అప్పుడే కుబుసం విడిచిన పురుగు పాలిపోయి ఉంటుంది, దాని అసలు రంగు రావడానికి కొంత సమయం పడుతుంది. రంగును చూసి పేరు చెప్పేవారు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

ఫోన్ కెమెరా ఏం చేస్తుందో కాస్త లెక్క వేసి చూద్దాం. ఫొటో వెడల్పు 4,000 పిక్సెళ్ళు అనుకుంటే, ఫ్రేములో 20 సెంటీమీటర్ల ఆకు పడితే ఒక మిల్లీమీటరుకు దక్కేది 20 పిక్సెళ్ళు. మూడు మిల్లీమీటర్ల పురుగు మొత్తం 60 పిక్సెళ్ళు. అందులో మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం ఉన్న మీసానికి దక్కేది ఒకే ఒక్క పిక్సెల్. అదే ఫ్రేము వెడల్పు రెండు సెంటీమీటర్లకు తగ్గితే పురుగుకు 600 పిక్సెళ్ళు, మీసానికి 10 పిక్సెళ్ళు వస్తాయి. దూరం నుంచి తీసి తర్వాత వేళ్ళతో పెద్దది చేస్తే కొత్త వివరం రాదు, ఉన్న మసకే పెద్దదవుతుంది. ఫోన్‌కు తగిలించుకునే చిన్న మాక్రో లెన్స్ క్లిప్ ఈ తేడాను చాలా తక్కువ ఖర్చుతో తెచ్చిపెడుతుంది.

దగ్గరికి వెళ్ళిన కొద్దీ ఇంకో ఇబ్బంది మొదలవుతుంది. స్పష్టంగా కనిపించే లోతు మిల్లీమీటరు, అంతకన్నా తక్కువకు పడిపోతుంది. వీపు స్పష్టంగా వస్తే కాళ్ళు మసకబారతాయి, కన్ను స్పష్టంగా వస్తే రెక్క చివర మసకబారుతుంది. అందుకే ఒక్క గొప్ప ఫొటో కోసం తంటాలు పడేకన్నా పైనుంచి, పక్క నుంచి, ఎదురు నుంచి వరసగా పదీ పదిహేను ఫొటోలు తీసి అన్నీ పంపడం ఎంతో మేలు. వాటిలో ఒకదాంట్లో ముక్కు, ఒకదాంట్లో క్యూనియస్, ఒకదాంట్లో పిక్క ముళ్ళు దొరుకుతాయి. ఫోన్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఫొటోను పదును చేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. లేని గీతలు, లేని వెంట్రుకలు అందులోంచి పుడతాయి. పెద్దది చేసి చూసినప్పుడు కనిపించిన ప్రతి గీతా పురుగు ఒంటి మీదిది కాకపోవచ్చు.

తర్వాత పంపే దారి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది ఫైలును బాగా కుదిస్తుంది. కష్టపడి సంపాదించిన ఆ పది పిక్సెళ్ళ మీసం దారిలోనే కరిగిపోతుంది. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే తీసింది తీసినట్టు చేరుతుంది. ఇంత చిన్న మార్పుతో గుర్తింపు సాధ్యమయ్యే ఫొటోల సంఖ్య చాలా పెరుగుతుంది. రైతు సేవా కేంద్రాల్లో ఈ ఒక్క మాట గోడ మీద రాసి పెట్టినా ఎంతో ఉపయోగం.

వెలుతురు, సమయం కూడా ముఖ్యం. గుంటూరు ఎండలో మధ్యాహ్నం తీస్తే మెరిసే వీపు మీద తెల్లటి మచ్చ పడి రంగు పోతుంది. గొడుగు నీడలోనో, పొద్దున్నే మంచు ఆరకముందో తీయాలి. ఆ వేళ చల్లదనానికి పురుగులు మందంగా ఉండి త్వరగా ఎగరవు కూడా. పొడవు తెలిసేందుకు పక్కన రూపాయి బిళ్ళ పెట్టడం చాలామందికి అలవాటు. కానీ వేర్వేరు ఏళ్ళలో వచ్చిన బిళ్ళల సైజులు వేరు. పిల్లల జామెట్రీ బాక్సులోని మిల్లీమీటరు స్కేలు అంచు పెడితే ఏ సందేహమూ ఉండదు.

నిజానికి కొన్నిచోట్ల ఫొటో కన్నా ఐదు సెకన్ల వీడియో మేలు. దీపపు పురుగు పక్కకు నడుస్తుంది, చెయ్యి తగలగానే చెంగున గెంతుతుంది. మిరిడ్ నల్లి గబగబా పరుగెడుతుంది, లేదా ఎగిరిపోతుంది. ఒంటి గుర్తులు కనిపించని మసక వీడియోలో కూడా నడక తీరు ఆ రెండింటినీ విడదీస్తుంది. దీపపు పురుగుల చుట్టమే అయిన పత్తి పచ్చదోమ పిల్లల్ని గుర్తించేదీ ఇలాగే. ఆకు అడుగున ఏటవాలుగా పీతలా జరిగే లేతపచ్చ పిల్ల కనిపిస్తే రెక్క చివర నల్లచుక్కలున్న పెద్ద పురుగు కోసం వెతకాల్సిన పని లేదు.

ఫొటో నుంచి పూర్తి ఫలితం దక్కే పురుగులూ ఉన్నాయి. బాపట్ల తీరంలో జీడిమామిడి తోటల్లో, పెరటి జామ చెట్ల మీద, వేప కొమ్మల మీద కనిపించే టీ దోమ అందుకు చక్కటి ఉదాహరణ. పేరులో దోమ ఉన్నా ఇదీ మిరిడ్ కుటుంబానిదే, హెలోపెల్టిస్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు). దీని వీపు మీద, రెండు రెక్కల మొదళ్ళ మధ్య నుంచి గుండుసూదిలా ఒక కాడ నిటారుగా లేచి, చివర చిన్న బుడిపెతో ఉంటుంది. పక్క నుంచి తీసిన ఫొటోలో ఆ కాడ కనిపిస్తే ప్రజాతి గురించి ఇక వాదన ఉండదు. లేత చిగుళ్ళ మీద, కాయల మీద అది గుచ్చిన చోట నల్లబడిన మచ్చలు కూడా ఫొటోలో ఉంటే ఇంకా బలం. అయితే పైనుంచి మాత్రమే తీసిన ఫొటోలో ఆ కాడ ఒక చుక్కలా కనిపించి తప్పించుకుంటుంది. ఫొటో తీసే కోణమే ఇక్కడ జవాబును నిర్ణయిస్తుంది. ప్రజాతి తెలిసినా అది ఆంటోనియై జాతా, థియివోరా జాతా అన్నది మళ్ళీ నిపుణుల పని.

ఇక మిర్చి. గుంటూరులో పురుగు ఫొటో అనగానే ఈ పంట మాటే ముందు వస్తుంది. తామర పురుగులు నల్లుల వర్గంలోవి కావు, కానీ ఇంకా చిన్నవి, అవీ రసం పీల్చేవే, ఫొటోలు వచ్చేవీ ఎక్కువగా వీటివే. పాతకాలం నుంచి రైతుకు తెలిసింది పసుపురంగు తామర పురుగు, సిర్టోత్రిప్స్ డోర్సాలిస్. అది లేత ఆకులను గీకి రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. అదే పైముడత. తెల్లనల్లి (పేరులో నల్లి ఉన్నా ఇది మిరిడ్ల వర్గం కాదు, సాలీళ్ళ చుట్టం) పడితే ఆకు కిందికి ముడుచుకుంటుంది. పురుగు కనిపించని ఫొటోలో కూడా ముడత ఎటు తిరిగిందో చూసి దారి తెలుసుకోవచ్చు. ఈ గుర్తు తరాల రైతులు కంటితో సంపాదించుకున్నది, ఏ యాప్ కన్నా తక్కువది కాదు.

2021లో ఈ లెక్క తారుమారైంది. ఆకుల కన్నా పూలలో గుంపులుగా చేరే నల్లటి తామర పురుగు గుంటూరు, పల్నాడు ప్రాంతాల మిర్చిలో విరుచుకుపడింది. అది త్రిప్స్ పార్విస్పైనస్, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన జాతి. మన దేశంలో దాన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. పూత రాలిపోయి, కాయ పట్టక ఎందరో రైతులు తోటలు పీకేశారు. అప్పటి నుంచి పువ్వులో నల్లపురుగు ఫొటో ఏది వచ్చినా "అదే" అనేయడం అలవాటైపోయింది.

అక్కడ తొందరపడకూడదు. పార్విస్పైనస్ ఆడపురుగు ఒక మిల్లీమీటరు పొడవు, పొట్ట ముదురు గోధుమ నలుపు, తల, రొమ్ము కాస్త లేత. మగది చిన్నది, పసుపుపచ్చగా ఉంటుంది. అంటే పసుపు రంగు చూసి పాత పురుగే అనుకోవడానికి వీల్లేదు. మిర్చి పూలలో చేరే మరో తామర పురుగు ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జైలో కూడా ముదురు రంగు రూపం ఉంది. కాబట్టి నలుపు చూసి కొత్త పురుగే అనడానికీ వీల్లేదు. వీటిని కచ్చితంగా వేరు చేసేవి రెక్క ఈనెల మీది ముళ్ళ వరస, పొట్ట పలకల మీది వెంట్రుకలు. ఆ గుర్తులు గాజుపలక మీద అమర్చిన పురుగును సూక్ష్మదర్శినిలో చూస్తేనే కనిపిస్తాయి. ఇక్కడ ఫొటో చేయగలిగిన పని వేరు. పువ్వును తెల్లకాగితం మీద తట్టి, రాలిన పురుగులను లెక్కపెట్టగలిగేలా ఫొటో తీస్తే పువ్వుకు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది, ముదురు రంగువి ఎంత భాగమో తెలుస్తుంది. మొదటిసారి ఒక మండలంలో అనుమానం వస్తే ఆ ఫొటోతో పాటు పురుగులు కూడా గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం లాంటి చోటికి చేరాలి.

కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో తెచ్చిన జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థతో సహా, ఫొటో ఇస్తే పేరు చెప్పే యాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఇవి అవసరమైనవే. ప్రతి ఊరికీ కీటక శాస్త్రవేత్తను పంపడం ఎవరి వల్లా కాదు. కాండం తొలిచే పురుగు రెక్కల పురుగునో, కత్తెర పురుగునో ఇవి బాగానే పట్టుకుంటాయి, ఎందుకంటే అవి పెద్దవి, గుర్తులు పైకి కనిపిస్తాయి. మూడు మిల్లీమీటర్ల పచ్చపురుగు దగ్గరకు వచ్చేసరికి యంత్రానికీ మనిషికీ ఉన్న ఇబ్బంది ఒకటే: ఫొటోలో లేని గుర్తును ఎవరూ చదవలేరు. పైగా యంత్రం తనకు నేర్పిన పేర్లలోంచే ఒకటి ఎంచుకుంటుంది. సుడిదోమ, పచ్చదీపపు పురుగు ఫొటోలు వేలల్లో, మిరిడ్ నల్లివి కొద్దిగా చూపించి నేర్పితే, మసక ఫొటోను అది ఎటు తోస్తుందో ఊహించడం కష్టం కాదు. తెర మీద యాప్ చూపే నమ్మకం శాతం ఎంత పెద్దదైనా, మీసాలు కనిపించని ఫొటో మీద వచ్చిన జవాబును నమ్మి మందు కొనకూడదు.

పేరు సరిగ్గా తెలిసినంత మాత్రాన ఏం చేయాలో తేలిపోని పురుగులూ ఉన్నాయి. టమాటా మీద ఉండే నెసిడియోకోరిస్ టెన్యూయిస్ తెల్లదోమను తింటుంది, ఆకు తొలిచే పురుగు గుడ్లనూ తింటుంది. ఆహారం తగ్గితే అదే పురుగు లేత కాండం మీద గోధుమరంగు కంకణంలా గాయాలు చేస్తుంది. అందుకే పురుగు ఫొటోతో పాటు మొక్క ఫొటో, దెబ్బ ఫొటో, ఎన్ని పురుగులు ఉన్నాయన్న లెక్క, ఊరు, తేదీ రావాలి. వరిలో మిరిడ్ నల్లి ఎక్కువగా కనిపిస్తే దానికి తిండి అక్కడ ఉందని అర్థం. ఆ ఫొటో పంపిన రైతును వెంటనే అడగాల్సింది దుబ్బు మొదలు ఫొటో. రెండు మీటర్లకు ఒకటి చొప్పున 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదిలిన చేలో దుబ్బులు విప్పి చూడటం కష్టమేమీ కాదు.

ఔత్సాహికుల ఫొటోలను తక్కువగా చూసే శాస్త్రజ్ఞులకు కూడా ఒక మాట చెప్పాలి. మన నల్లుల్లో చాలావాటికి పేర్లు పెట్టింది బ్రిటిష్ కాలంలో, డబ్ల్యు. ఎల్. డిస్టంట్ లాంటివారు, పిన్నుకు గుచ్చిన ఎండిన నమూనాలు చూసి. మిరిడ్ ఎండిపోతే ఆకుపచ్చ పసుపుగా వెలిసిపోతుంది, మీసాలు, కాళ్ళు ముట్టుకుంటే రాలిపోతాయి. బతికున్నప్పుడు దాని అసలు రంగేమిటో, ఏ మొక్క మీద ఏ భాగంలో కూర్చుంటుందో భద్రపరిచిన నమూనా చెప్పలేదు. ఉయ్యూరు దగ్గర గట్టు మీద కలుపుమొక్కపై పురుగును ఫొటో తీసిన విద్యార్థి ఫోన్‌లో ఆ వివరం ఉంటుంది. ఆ ఫొటో, ఆ పురుగు రెండూ కలిసి ఒకచోట చేరితే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది.

కాబట్టి ఫొటో తీశాక పురుగును వదిలేయకుండా చిన్న సీసాలో పట్టి ఉంచాలి. రెండు నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే మందగిస్తుంది, కావాలంటే ఇంకో నాలుగు కోణాల్లో ఫొటో తీసుకోవచ్చు. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, మొక్క, ఊరు, తేదీ, ఫొటో నంబరు రాసిన చీటీ లోపలే పెట్టాలి. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.